'రెడ్ టోరీ': సమాజం పేరిట సంప్రదాయవాదం

మార్కెట్టుకూ ప్రభుత్వానికీ నడుమ నలిగిన సమాజాన్ని పునరుద్ధరించాలనే సంప్రదాయవాదానికి బ్రిటన్‌లో స్పష్టమైన రూపమిచ్చిన గ్రంథాలలో ఫిలిప్ బ్లాండ్ 2010లో ప్రచురించిన 'రెడ్ టోరీ' ముఖ్యమైనది. బ్లాండ్ క్రైస్తవ దైవశాస్త్రం బోధించినవాడు. కనుక ఆయన వాదంలోని ఆర్థిక, నైతిక, దైవశాస్త్ర భాగాలను వేరువేరుగా పరిశీలించి, వాటి సంబంధాన్ని గుర్తించాలి.

ఆర్థిక విషయంలో ఆయన రోగనిర్ణయం చాలావరకు సరియైనదే. పెద్ద వ్యాపారం చిన్న దుకాణదారుణ్ణి మింగింది. సంక్షేమ రాజ్యం పేదవానికి భత్యమిచ్చినది గాని ఆస్తి ఇవ్వలేదు. ఆస్తి అందరి చేతిలోనూ ఉండాలన్న చెస్టర్టన్, బెలాక్‌ల వాదానికి ఇది వారసత్వమే. అయితే ఆ ఆస్తి ఎవరి వద్దనుండి రావాలనే ప్రశ్నకు గ్రంథంలో తగినంత సమాధానం లేదు. ఆచరణలో ఈ లోపం బయటపడింది. 'బిగ్ సొసైటీ' నినాదంతో వచ్చిన కామెరాన్ ప్రభుత్వం 2010 అక్టోబరులో, నాలుగేండ్లలో 8,100 కోట్ల పౌండ్ల వ్యయాన్ని తగ్గించనున్నట్లు ప్రకటించినది. 2012లో ఏర్పడిన 'బిగ్ సొసైటీ క్యాపిటల్'కు ఉద్దేశించిన మూలధనం 60 కోట్ల పౌండ్లు మాత్రమే. గ్రంథాలయాలు నడిపే బాధ్యత అనేకచోట్ల ఊరివారిపై పడినది. ఆస్తి మాత్రం చేతులు మారలేదు. ప్రభుత్వం దారి తప్పినదని బ్లాండ్ తరువాత విమర్శించిన మాట నిజమే. కాని ఆ దారిని మూసివేసే షరతు ఆయన వాదంలోనే లోపించినది.

సద్గుణం ఒంటరి మనిషిలో పెరగదు, కుటుంబంలోను ఇరుగుపొరుగులోను పెరుగుతుందనేది ఆయన నైతిక వాదం. ఇదీ కొట్టివేయదగినది కాదు. అయితే అన్యాయం ఆ కుటుంబంలోనే జరిగితే? భార్యపై భర్త చేసిన బలాత్కారం నేరం కాదన్న పాత నియమం ఇంగ్లండులో 1991లో ప్రభువుల సభ తీర్పుతో గాని తొలగలేదు. ఆ స్త్రీకి రక్షణ ఆచారం నుండి రాలేదు, వ్యక్తిగత హక్కు నుండి వచ్చింది.

దీనికి మూలం దైవశాస్త్రంలో ఉన్నది. బ్లాండ్‌కు సన్నిహితమైన 'రాడికల్ ఆర్థడాక్సీ' ఉద్యమం ఆధునికతను ఒక పతనంగా చూచి, దాని ఆరంభాన్ని డన్స్ స్కోటస్‌లో వెదకుతుంది. ఆ స్కోటస్ సత్తా విచారంలో ఇబ్నె సీనాకు ఎంతో ఋణపడినవాడు. సంప్రదాయమనేది ఏనాడూ ఒకే ఇంటి సొత్తు కాదని ఇది తెలుపుతుంది. అంతకన్న ముఖ్యం: సమాజానికి దైవం ఆధారమనుట వేరు, సమాజమే దైవానికి ప్రతినిధి అనుట వేరు. ఆమోసు ప్రవక్త పేదలను అమ్ముకున్న తన జనాన్నే దోషులుగా నిలబెట్టి, వారి ఆరాధనను దైవం అంగీకరించడని ప్రకటించాడు.

పేదవానికి ఆస్తిలో భాగాన్ని, బాధితురాలికి ఇంటి బయట న్యాయస్థానాన్ని, సమాజానికి తనపై తీర్పరిని అంగీకరించినప్పుడే ఈ వాదం నిలుస్తుంది. ఆ మూడింటిలో ఏది లోపించినా మిగిలేది బలవంతుల సమాజమే.