శృంగవేరశబ్దవిమర్శనము

శృంగవేరము అల్లమునకు సంస్కృతనామము. అమరసింహుఁడు దీనిని వైశ్యవర్గమున ఆర్ద్రకముతోఁ గూడఁ బఠించినాఁడు. శృంగమనఁగాఁ గొమ్ము, వేరమనఁగా శరీరము; కొమ్మువంటి శరీరము గలది గావున శృంగవేరమని విగ్రహము చెప్పుట పరిపాటి. అల్లపుదుంపను జూచినవారికి ఈ యర్థము సరిపడినట్లే తోఁచును. పసుపుకొమ్ము, శొంఠికొమ్ము అను తెలుఁగువాడుకయు దీనికిఁ దోడుపడును. ఇంత సొంపైన విగ్రహమును శంకించుటకుఁ బండితుల మనస్సు సులభముగా నొప్పదు. కాని యర్థము కుదిరినంతమాత్రమున వ్యుత్పత్తి సిద్ధింపదు.

మొదట వేరశబ్దమును విచారింపవలయును. దీనికి శరీరమను నర్థము నిఘంటుకారుల వచనమువలనఁ దెలియుచున్నదే కాని, కావ్యశాస్త్రములయందలి వాడుకచే బలపడినది కాదు. రెండవది పాలిరూపము. పాలిభాషలో నల్లమునకు సింగివేరమని పేరు. కొమ్మునకో, సింగమని పేరు. శృంగశబ్దమే మూలమైనచో సింగవేరమని యుండవలయును. నడుమ నికార మెట్లు వచ్చినది? మూఁడవది యవనరూపము. క్రీస్తుశకము 1వ శతాబ్దివాఁడైన డయాస్కొరిడీసు అను గ్రీకువైద్యుఁడు తన ఓషధిగ్రంథమున నీ వస్తువును జింగిబెరి యని వ్యవహరించినాఁడు. అందును ఆ యికారము నిలిచియే యున్నది. మగధమునకును యవనదేశమునకును సాధారణమైన యీ యచ్చు పొరపాటున వచ్చినదనుట పొసఁగదు. కావున సింగివేరమే ప్రాచీనరూపమనియు, దానిని సంస్కరింపఁదలఁచినవారు పూర్వభాగమును శృంగముగా దిద్దిరనియు నూహింపవలసి యున్నది.

ఆ ప్రాచీనరూపమునకు మూలము దక్షిణమునఁ గలదు. అరవమునను మలయాళమునను అల్లమునకు ఇంజి యని పేరు. వేర్ అనఁగా మూలము, తెలుఁగున వేరు. ఇంజివేర్ అనఁగా అల్లపువేరు. ఇంజిశబ్దమునకుఁ బూర్వము మొదట సకారమో చకారమో యుండి లోపించెననుటకు ఉపపత్తి కలదు. తెలుఁగున ఆఱు అను సంఖ్యకు గోండుభాషలో సారుంగ్ అనియు, ఉప్పునకు సోవర్ అనియు రూపములు. ఆదిలాబాదు ప్రాంతపు గోండులు నేఁటికిని నిలుపుకొన్న యీ సకారమును దెలుఁగువారును అరవవారును బోగొట్టుకొనిరి. ఇఁక ఇకారాది తాలవ్యాచ్చుల చెంతఁ గవర్గము చవర్గమగుట కన్నడపు కివికిని దెలుఁగు చెవికిని గల భేదమువలననే విశదమగును. ఆదిచకారలోపమును బరోదొర 1947లో సోదాహరణముగా నిరూపించెను. అల్లపుపేరుల చరిత్రను రాసుదొర 1952లోఁ బ్రత్యేకగ్రంథముగా వెలువరించెను. పరోదొరయు ఎమెనోదొరయుఁ గూర్చి 1961లోఁ బ్రకటించిన ద్రావిడవ్యుత్పత్తికోశమును ఇచట సంప్రదింపఁదగినది.

దీనివలనఁ దేలిన దేమి? లాటినున జింజిబర్, అరబ్బీలో జంజబీల్, ఆంగ్లమున జింజర్ అన్నియు నొక్క కుటుంబములోనివి. మిరియములతోఁ గూడ నోడలెక్కి పోయిన సరకు తన పేరును వెంటఁ గొనిపోయినది. తెలుఁగు ఇంజిని విడిచి యల్లమును గైకొన్నను, ఆ సమాసపు టుత్తరపదము మాత్రము మన పెరటిచెట్టు క్రిందనే యున్నది. జింజరని వల్లించు బాలుఁడు తనకుఁ దెలియకయే వేరు అను మాట తునుకను బలుకుచున్నాఁడు.

ఇచటఁ దెలుఁగు వ్యాకరణమున కొక చిక్కు కలుగుచున్నది. చిన్నయసూరి బాలవ్యాకరణమునఁ దెలుఁగును తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యములని నాలుగు విధములుగా విభజించినాఁడు. ఆ విభాగము ప్రకారము శృంగవేరము తత్సమము, వేరు దేశ్యము. ఒక్క పదమే రెండు వర్గములఁ జేరి, తన్నుఁ దానే యెఱుఁగకున్నది. దక్షిణమునఁ బుట్టి, సంస్కృతమునఁ జొచ్చి, తిరిగి తత్సమవేషముతో నిలు సేరిన మాటలకు ఆ విభాగమునఁ జోటు లేదు. రూపసాధనకు ఆ విభాగము చాలును, చరిత్రకుఁ జాలదు. దానినే చరిత్రగా బోధించినచోఁ దెలుఁగు నిత్యఋణగ్రస్త యనియు, ఎన్నఁడును ఋణదాత కాదనియు విద్యార్థి నమ్మును. ఆ నమ్మకము అసత్యము.

ఈ మాట శాస్త్రవిరుద్ధమని శంకింపఁ బనిలేదు. పూర్వమీమాంసయందుఁ బ్రథమాధ్యాయ తృతీయపాదమునఁ బికనేమాధికరణము కలదు. పిక, నేమ, సత, తామరస శబ్దముల యర్థమును నిరుక్తవ్యాకరణములచేఁ గల్పింపవలయునా, మ్లేచ్ఛుల వాడుకచే గ్రహింపవలయునా యని శబరస్వామి విచారించి, మ్లేచ్ఛప్రసిద్ధియే గ్రాహ్యమని తేల్చెను. తామరసమునుండి తామర పుట్టెనని తడవుకొనక చెప్పువారు ఈ యధికరణమును స్మరింపవలయును. కుమారిలభట్టు తంత్రవార్తికమున నింకను స్పష్టముగాఁ బలికెను. అన్నమను నర్థముగల ద్రావిడపదమగు చోర్ అనుదానిని చోరశబ్దముగాను, సర్పార్థకమగు పాప్ అనుదానిని పాపశబ్దముగాను సంస్కరించి యర్థము గల్పించువారి తీరును ఆయన యెత్తిచూపెను. ఆ పాప్ మన పామే. వేర్ అనుదానికి శరీరార్థము గల్పించుటయు నీ కోవలోనిదే.

అయినను ఎదుటిగట్టున మఱియొక గొయ్యి కలదు. కాల్డువెల్లుదొర తన ద్రావిడవ్యాకరణమున గ్రీకుల ఒరుజా యను మాటను అరవపు అరిసినుండి పుట్టించెను. ధ్వనిసామ్యము, వస్తుసామ్యము రెండును గలవు. కాని సంస్కృతపు వ్రీహియు, పష్తోభాషలోని వ్రిఝేయుఁ జూచిన పిమ్మట, ఆ పదము ఇరానుదేశపు దారినఁ బోయినదను పక్షమే తరువాతి పండితులలోఁ బ్రబలమైనది. సంస్కృతాభిమానము శృంగమును గల్పించినట్లే, దేశ్యాభిమానమును మూలములను గల్పింపఁగలదు.

కావున వ్యుత్పత్తి చెప్పువారికి మూఁడు నియమము లావశ్యకములు: ప్రాచీనరూపములను గాలక్రమమునఁ జూచుట, వర్ణవికారమునకు మఱి రెండు మూఁ డుదాహరణములైనఁ జూపుట, వస్తువు సంచరించిన దారిని దెలియుట. ఇవి లేని విగ్రహము ఎంత సొంపుగా నున్నను ఊహయే. పాఠశాలలో బాలుని కట్టివానిని బోధించునపుడు ఇది యూహ యని చెప్పి బోధించుట యుపాధ్యాయధర్మము.