ర్యుయిచి సకమొతో సంగీతప్రస్థానం: యంత్రలయ నుండి నాదక్షయం వరకు – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
జపాన్ సంగీతకర్త, నిర్మాత ర్యుయిచి సకమొతో (1952–2023) కృషిని రెండు దశలుగా విభజించడం పరిపాటి. మొదటిది సింథసైజర్ల దశ, రెండవది పియానోకు 'తిరిగివచ్చిన' దశ. ఈ విభజన బోధనకు అనుకూలమే కాని, రచనలను కాలక్రమంలో పరిశీలిస్తే నిలవదు.

2. యంత్రలయ:
టోక్యోలో స్వరరచనను శాస్త్రీయంగా అభ్యసించిన సకమొతో 1978లో తొలి ఆల్బమ్ 'థౌజండ్ నైవ్స్'ను వెలువరించారు. అదే ఏడాది హరుఓమి హొసొనో, యుకిహిరో తకహషిలతో కలిసి 'ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా'లో భాగస్వామి అయ్యారు. సీక్వెన్సర్ నిర్దేశించిన కాలప్రమాణానికి వాద్యకారుడు ఒదిగి వాయించడం ఈ బృందసంగీతానికి పునాది. అయితే 1980 నాటి 'బి-2 యూనిట్'లో సకమొతో ఆ సూటి లయనే విరిచారు. యంత్రాన్ని స్వీకరించిన తొలినాళ్లలోనే దాని నియమాన్ని ప్రశ్నించడం గమనార్హం.

3. ఒకే స్వరరచన, రెండు వాద్యాలు:
1983లో నగిసా ఒషిమా చిత్రం 'మెర్రీ క్రిస్మస్ మిస్టర్ లారెన్స్'లో ఆయన నటించి, సంగీతం సమకూర్చారు. చిత్రంలో సింథసైజర్‌పై పలికిన స్వరరచనలనే అదే ఏడాది 'అవెక్ పియానో'లో కేవలం పియానోపై వినిపించారు. అనగా 'తిరిగిరావడం' అనే మాటకు ఆధారం లేదు; రెండు వాద్యాలూ ఆయన వద్ద మొదటి నుండి పక్కపక్కనే ఉన్నాయి. మారినది వాద్యం కాదు, నాదం పట్ల దృష్టి. సింథసైజర్ నాదాన్ని కోరినంతసేపు నిలపగలదు. పియానో నాదం పుట్టిన క్షణం నుండే క్షీణిస్తుంది.

4. నాదక్షయం:
2011 సునామీలో మునిగిన, మియాగి ప్రాంతపు పాఠశాలకు చెందిన పియానోను సకమొతో 'ఎసింక్' (2017)లో ఉపయోగించారు. శ్రుతి తప్పిన ఆ తీగలను ప్రకృతి తన స్థితికి తిరిగి తెచ్చుకున్నట్లుగా ఆయన భావించారు. ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశముంది. వేలమంది మరణాన్ని నాదసౌందర్యంగా మార్చడం ఉచితమేనా? ఆ పియానోపై విషాదగీతం కూర్చకుండా, విడివిడి ధ్వనులనే వినిపించడం వల్ల ఆయన ఈ దోషం నుండి చాలావరకు తప్పించుకున్నారు. అయినా ఆ వాద్యచరిత్ర తెలియని శ్రోతకు ధ్వని మాత్రమే ఆ అర్థాన్ని అందించలేదు. ఇది ఈ కృతికి గల నిజమైన పరిమితి.

క్యాన్సర్ చికిత్సాకాలంలో రూపొందిన '12' 2023 జనవరి 17న, ఆయన 71వ జన్మదినాన, విడుదలైంది. అందులోని రచనలకు తేదీలే శీర్షికలు. స్వరాల నడుమ వాద్యకారుని శ్వాస కూడా వినిపిస్తుంది. ఇక్కడ బయటి వివరణ అవసరం లేదు. క్షయం నాదంలోనే ఉంది. ఈ దృష్ట్యా 'ఎసింక్' కంటే '12' పరిణతమైన కృతి.

5. ముగింపు:
సీక్వెన్సర్ కాలాన్ని శాసించిన చోట మొదలైన ఈ ప్రస్థానం, శ్వాస కాలాన్ని కొలిచిన చోట ముగిసింది. కాబట్టి సకమొతో కృషిని వాద్యాన్ని బట్టి కాక, కాలాన్ని ఎవరు నడిపిస్తున్నారన్న ప్రశ్నను బట్టి అంచనా వేయడం సముచితం.