స్థిర మూలధన నిర్మాణము: భారత, చైనాల తులనపై ఒక విమర్శ

ఒక దేశము తన సంవత్సరోత్పత్తిలో నెంత భాగమును అనుభవింపక యంత్రములుగను, కట్టడములుగను, మార్గములుగను నిలుపుకొనుచున్నదో తెలుపునది స్థిర మూలధన నిర్మాణము. రాయకోట రైతునకు ఈ భావము క్రొత్తది కాదు. సంతకు వచ్చు టమాటా ఒక్క పంటతో ముగియును. కృష్ణగిరి మామిడితోట ఏటేట ఫలించును. జాతీయాదాయ గణకులు తోటను స్థిర మూలధనములో చేర్తురు, టమాటాను చేర్పరు. రెండు దేశములను ప్రక్కప్రక్కన నిలిపినప్పుడే చిక్కు వచ్చుచున్నది.

భారత, చైనాలను పోల్చువారు సాధారణముగ శాతములనే చూపుదురు. భారతదేశపు స్థిర పెట్టుబడి 2007 ప్రాంతమున జాతీయోత్పత్తిలో సుమారు 35 శాతము; 2023 నాటికి 30 శాతము చుట్టును. చైనాలో రెండు కాలములందును అది 40 శాతమునకు ఇంచుమించుగా నున్నది. దీనిని బట్టి వారిది దీక్షయనియు, మనది అలసత్వమనియు తీర్పు చెప్పుట పరిపాటియైనది. కాని అదే చైనా 2007లో 14 శాతము పెరిగి, 2023లో 5 శాతమునకు కొంచెము మించి మాత్రమే పెరిగినది. వాటా మారలేదు, ఫలము మారినది. పైగా చైనాలో కుటుంబముల వినియోగము ఉత్పత్తిలో 40 శాతమునకు లోబడి యుండగా, మనదేశమున 60 శాతము ప్రాంతమున నున్నది. ఎక్కువ పెట్టుబడి యనగా తక్కువ భోజనము, తక్కువ బట్ట యని కూడ అర్థము. ఆ సంగతి చెప్పువారు అరుదు.

కాలమున వెనుకకు పోయిన కొలది కొలబద్దయే మారిపోవును. చైనా 1990ల ఆరంభము వరకు సోవియట్ పద్ధతిని అనుసరించి, సేవలలో పెక్కింటిని ఆదాయముగ గణింపలేదు. ఆ లెక్క ప్రకారము 1959లో సంచయము జాతీయాదాయమున 40 శాతము దాటెను. అది 1958లో మొదలిడిన ‘మహా ముందంజ’ కాలము. పెరటి కొలుములలో కరగించిన ఇనుము చాలవరకు నిరుపయోగమాయెను, వెనువెంట వచ్చిన కరవులో కోటికి మించిన జనము నశించిరి. శాతము మాత్రము ఘనముగనే యున్నది! ఆ కాలముననే మహలనోబిస్ ఆలోచనపై నడచిన మన రెండవ ప్రణాళికలో భిలాయ్, రూర్కెలా, దుర్గాపురముల ఉక్కు కర్మాగారములు లేచినవి. అవి నేటికిని పనిచేయుచున్నవి. అంతమాత్రమున గర్వింపరాదు. సేద్యమునకు తగిన పాలు దక్కలేదు. 1956 నుండి అమెరికా గోధుమలపై నాధారపడవలసి వచ్చెను.

స్థూల లెక్కలోని లోపము తెలియుటకు దూరదేశము పోనక్కరలేదు. మొరప్పూరు, ధర్మపురి నడుమ 1906లో తెరవబడిన సన్న రైలుమార్గము 1913లో హోసూరు చేరినది. కరవు నివారణ దాని యుద్దేశములలో నొకటి. యుద్ధకాలమున 1941లో అది మూతపడినది. స్వాతంత్ర్యానంతరము ఈ ప్రాంతమునకు మీటరు గేజి మార్గము వచ్చెను; పిదప అదియు బ్రాడ్ గేజిగ మార్పబడెను. పాత పట్టాల స్థానమున క్రొత్తవి వేసిన వ్యయమంతయు స్థూల నిర్మాణములో చేరును. పాతదాని అరుగుదల నికర లెక్కలోనే తీసివేయబడును. మూడుమారులు ఖర్చయినది, ప్రయాణికునకు మిగిలినది ఒక్క మార్గము.

కావున తులన చేయువారు వార్షిక శాతములను వదలి, అరుగుదల పోను మిగిలిన మూలధనమును, ఉభయదేశములందలి యంత్రముల ధరల భేదమును సవరించి, తలసరిగ చూపవలెను. అట్టి పట్టికలో చైనా అప్పటికిని ముందే యుండును; కాని ఎంత ముందో, ఏ మూల్యము చెల్లించి ముందో అప్పుడే విచారింప వీలగును.