రెండు చిత్రాల నడుమ

విపత్తు జరిగిన చోటును ఆకాశంనుండి రెండుమారులు చిత్రించి, ‘మునుపు’, ‘పిదప’ అని ప్రక్కప్రక్కన నిలపడం నేడొక కథనపద్ధతిగా స్థిరపడినది. 2004 సునామీలో బందా ఆచే మొదలు 2020లో అంఫన్ తుపానుకు గురియైన సుందరవనాలవరకు లోకం వినాశాన్ని ఇట్లే చూచింది. ఈ జంటచిత్రాలను ఒక రచనగా పరిశీలించడం అవసరమని నా అభిప్రాయం.

వీటి ఉపయోగం సామాన్యమైనది కాదు. రాడార్ ఉపగ్రహం మేఘాల మాటునుండి, రాత్రివేళ సైతం చూడగలదు. నిశ్చలమైన నీరు తనపై పడిన తరంగాలను వేరొక వైపునకు మళ్ళిస్తుంది గనుక మునిగిన చేను చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినపుడు మనకీ సౌకర్యం లేకపోయింది.

అయినా రచనగా చూచినపుడు దీనికి తెలిసిన భాష చాల తక్కువ. కప్పు నిలిచినదా, కూలినదా? నేల పొడిగా ఉన్నదా, మునిగినదా? అంతే. దీనిని పరీక్షించడానికి కలకత్తాలోని ఖిదిర్‌పూర్ రేవుకంటె తగిన చోటు నాకు తోచదు. 1943 డిసెంబరు 5న పట్టపగలు జపాను విమానాలు ఆ రేవుపై బాంబులు వేసినవి. ఉపగ్రహాలు అప్పటికి లేవుగాని, వాటికి తల్లియైన విమానచిత్రణ యుద్ధంలో బాగా ముదిరినది. ఆ దాడికి ముందొకటి, వెనుకొకటి చిత్రం తీసి చూచినామనుకొందాము. దెబ్బతిన్న రేవు వెంటనే కంటబడుతుంది.

అదే యేడు, అదే నగరపు కాలిబాటలమీదను, వంగదేశపు పల్లెలలోను జనం ఆకలితో రాలిపోయినారు. ఆ కరవు వాత పడినవారు 20 లక్షలనుండి 30 లక్షలవరకు ఉంటారని అంచనాలు. వారి జంటచిత్రం ఎట్లుంటుంది? 1942 అక్టోబరు తుపాను మిడ్నపూర్‌ను ధ్వంసం చేసిన పిమ్మట ఒకటి, 1943 డిసెంబరులో ఒకటి తీసినామనుకొనండి. ఆ డిసెంబరులో వరి బాగా పండినది. కనుక రెండవ చిత్రమే కళకళలాడుతుంది! నడిమి పదునాలుగు నెలల మరణం దానిలో ఎక్కడా లేదు.

ఆ నడిమి కాలాన్ని పట్టుకొన్నవారు నేలమీద నడిచినవారు. చిత్తప్రసాద్ మిడ్నపూర్ పల్లెలు తిరిగి గీచిన బొమ్మలతో ‘హంగ్రీ బెంగాల్’ వెలువరించగా ప్రభుత్వం ప్రతులను జప్తుచేసింది. జైనుల్ ఆబెదీన్ చవక కాగితంమీద నల్లని సిరాతో కలకత్తా వీథులను గీచినాడు. వీరికి ‘మునుపు’ చిత్రంతో పని లేకపోయింది. ఎముకలు తేలిన ఆ భుజాలను చూడగానే, ఒకనాడవి మోసిన బరువులు మనకు తోచును.

మన తుపాను కథలలో కొన్ని మాత్రం ఆకాశంనుండి వ్రాసినట్లే ఉంటవి. ఒక పేరా నిండ పచ్చని చేలు, మరొక పేరా నిండ శవాలు. నీరు తీసిన పిదప మన్నులో మిగిలిన ఉప్పు సంగతి వాటిలో కానరాదు. నారు పోయని రైతు ఎవరివద్ద అప్పు చేసినాడో, ఏ ఊరి రైలెక్కినాడో, పడవ పోయిన పల్లెకారి ఆ యేడు పొట్ట యెట్లు పోసికొన్నాడో ఇంకా వ్రాయవలసియే ఉన్నది.