మనసులో దాచిన బొగ్గు

కోపం వేరు, పగ వేరని ఈజిప్టు ఎడారిలోని క్రైస్తవ సన్యాసులు 4వ శతాబ్దంలోనే గుర్తించారు. కోపం వచ్చి పోతుంది; అది పోయాక కూడా జరిగిన అన్యాయాన్ని పదేపదే తలపోస్తూ లోలోపల చేదెక్కే స్థితికి వారి గ్రీకులో ‘మ్నేసికాకియా’ అని పేరు. చెడును గుర్తుంచుకోవడం అని దాని అర్థం కాబట్టి, తెలుగువారి ‘మనసులో పెట్టుకోవడం’ అనే మాట దీనికి చాలా దగ్గరగా వస్తుంది.

6వ శతాబ్దంలో గాజా ప్రాంతపు మఠాలలో బోధించిన దొరోతెయస్ ఈ తేడాను నిప్పు రాజేయడంతో పోల్చి వివరించాడు. తోటివాడు అన్న ఒక మాట నిప్పుకణిక వంటిది. ఓర్చుకుంటే అక్కడికక్కడే ఆరిపోతుంది, ఎందుకన్నాడు, ఏ ఉద్దేశంతో అన్నాడు అని తవ్వుకుంటూ పుల్లలు వేస్తే ముందు పొగ, ఆపైన మంట లేస్తాయి. మంట ఆరాక మిగిలే బొగ్గే పగ. తెలుగు నుడికారంలో పగ నివురుగప్పిన నిప్పు; దొరోతెయస్ పోలిక అంతకన్నా నిశితమైనది, ఎందుకంటే నివురు కింది నిప్పు చల్లారవచ్చు గాని, బొగ్గు నీళ్లు పోసినా కుళ్లదు, ఏళ్ల తరబడి నిల్వ ఉండి రవ్వ తగలగానే మళ్లీ రాజుకుంటుంది.

దీనికి సాధన చెప్పినవారిలో మొదట తలచవలసినవాడు, నైలు డెల్టాకు పడమరన కెల్లియా అనే సన్యాసుల స్థావరంలో గ్రంథాలకు ప్రతులు రాస్తూ జీవించి 399లో మరణించిన ఎవాగ్రియస్. పగ పెట్టుకుని ప్రార్థించడం చిల్లుల కుండలోకి నీళ్లు తోడడమేనన్న ఆయన, మనసు కరిగేదాకా ఆగమని మాత్రం చెప్పలేదు. 400 మందితో ఎదురొస్తున్న అన్న ఏశావును యాకోబు కానుకలతో శాంతింపజేసిన బైబిలు కథను గుర్తుచేసి, కానుకలిచ్చే స్తోమత లేని సన్యాసి ఆ లోటును భోజనంతో పూడ్చాలన్నాడు. అంటే మనసు కంటే ముందు చెయ్యి కదలాలి. ఈ సంప్రదాయంలో అన్నిటికన్నా విలువైన మెలకువ బహుశా ఇదే.

అయితే విందుతో పని పూర్తయినట్టు కాదు. 30 మెట్ల నిచ్చెనగా ఆధ్యాత్మిక జీవితాన్ని వర్ణించిన సీనాయి మఠాధిపతి జాన్ క్లిమాకస్ 9వ మెట్టును పగకే కేటాయించి, నొప్పించినవాడి కోసం ప్రార్థించడాన్ని, అతనికి కానుకలివ్వడాన్ని, భోజనానికి పిలవడాన్ని కూడా విముక్తికి రుజువులుగా ఒప్పుకోలేదు. అతనికి ఆపద కలిగిందని విన్నప్పుడు తనకే కలిగినంతగా ఏడుపు రావాలన్నాడు. ఇవన్నీ ఒకే కప్పు కింద బతికే సోదరుల కోసం పుట్టిన సాధనలు. బలవంతుడి చేతిలో నలిగినవారిపై వీటిని బలవంతంగా రుద్దడం అన్యాయమే అవుతుంది.

క్షమాపణ షరతు క్రైస్తవుల నిత్య ప్రార్థనలోనే ఉంది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో తెలుగు బైబిలు పాపాన్ని ‘ఋణము’ అంటుంది. తనకు ఋణపడినవారిని క్షమించినట్లే తన ఋణాన్ని క్షమించమని భక్తుడు దేవుణ్ణి వేడుకుంటాడు. ఈజిప్టు సన్యాసుల బోధలను 5వ శతాబ్దంలో లాటిన్ ప్రపంచానికి అందించిన జాన్ కాసియన్ దీని గురించి ఒక విచిత్రం రాశాడు: ఆలయంలో సంఘమంతా ఈ ప్రార్థన పలుకుతున్నప్పుడు కొందరు సరిగ్గా ఆ వాక్యం దగ్గర నోరు మూసుకునేవారట, తమ మాటకు తామే కట్టుబడవలసి వస్తుందని.