లెక్క తెలిసిన మంత్రి

నీళ్లు వదిలే రోజు దగ్గరపడితే మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్లలో వేరే ముచ్చట ఉండదు. తూము తెరిచారా, మేజర్‌లో ఎంత ఎత్తున పారుతోంది, ఈసారి వారబందీ ఎన్ని రోజులు, చివరి భూములకు ఎప్పుడు అందుతాయి. నాగార్జున సాగర్ ఎడమ కాల్వ కింద సేద్యం చేసే మాకు లష్కర్ తెలుసు, డీఈ తెలుసు, ఎమ్మెల్యే తెలుసు. ఆ కాల్వ వెనకున్న డ్యామును కాగితం మీద లెక్కగట్టిన మనిషి మాత్రం మా మాటల్లోకి రాడు. ఈ వారం ఆయన గురించి రాయాలనిపించింది.

అందరూ కె.ఎల్. రావు అని పిలిచే కానూరి లక్ష్మణరావు 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. బడిలో ఆడుకుంటుంటే దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. మద్రాసులో ఇంజనీరింగ్ చదివి, రంగూన్‌లో పాఠాలు చెప్పి, బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ చేశారు. తర్వాత ఢిల్లీలో కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో డిజైన్ల పని. 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. మరుసటి ఏడాది నెహ్రూ ఆయనకు నీటిపారుదల, విద్యుత్ శాఖలో మంత్రి పదవి ఇచ్చారు.

ఆయన పనిలో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసేది పదవి కాదు, రాయి. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర సాగర్ డ్యాముకు నెహ్రూ శంకుస్థాపన చేసే నాటికి పెద్ద డ్యామంటే కాంక్రీటే అన్న నమ్మకం బలంగా ఉంది. భాక్రాను కాంక్రీటుతో కడుతున్నారు, ఆ పని నడిపించడానికి హార్వీ స్లోకమ్ అనే అమెరికన్‌ను పిలిపించారు. సాగర్‌ను మాత్రం రాతితో కట్టాలని వాదించిన వాళ్లలో కె.ఎల్. రావు ముందువరసలో ఉన్నారు. వెనకనుంచి తోసే నీటిని ఈ రకం డ్యాము తన బరువుతోనే ఆపుతుంది. ఆ బరువు కాంక్రీటుదైనా రాతిదైనా నీటికి తేడా లేదు. తేడా అంతా కట్టే తీరులో ఉంది. కాంక్రీటుకు భారీ యంత్రాలు కావాలి, వాటికి డాలర్లు కావాలి. దేశం దగ్గర డాలర్లు లేవు. రాయి పక్కనే ఉంది, చేతులు ఎన్నైనా ఉన్నాయి. అలా పాలమూరు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వేలాది కూలీలు రాళ్లూ సిమెంటూ తలకెత్తుకుని 124 మీటర్ల ఎత్తు కట్టారు. ఆ పనిలో ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లూ ఉన్నారు. యంత్రానికి పోవాల్సిన డబ్బు కూలీకి పోవాలన్నది రాజకీయ నిర్ణయమే. కాని రాతి గోడ అంత ఎత్తున అంత నీటిని ఆపగలదని తేల్చి చెప్పే లెక్క చేతిలో లేకపోతే ఏ నాయకుడూ ఆ నిర్ణయం తీసుకోలేడు. ఇంజనీరు రాజకీయాల్లో ఎందుకుండాలని ఎవరైనా అడిగితే నేను సాగర్ గోడనే చూపిస్తాను.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. అప్పుడు కూడా ఆయన అదే శాఖలో మంత్రి. ఎడమ కాల్వకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. మెట్ట పంటల నేల మాగాణి అయింది, మిర్యాలగూడలో రైస్ మిల్లులు లేచాయి.

ఇలా ఇంజనీరుగా మొదలై అధికారంలోకి వచ్చినవాళ్లు తుర్కియేలోనూ ఉన్నారు. సాగర్‌కు శంకుస్థాపన జరిగిన 1955లోనే సులేమాన్ దెమిరెల్ అనే సివిల్ ఇంజనీరు అక్కడి ప్రభుత్వ జలసంస్థకు అధిపతి అయ్యాడు, పదేళ్లకు ప్రధాని అయ్యాడు. జనం ఆయన్ను ఆనకట్టల రాజు అన్నారు. ఓడల నిర్మాణం చదివిన బినాలీ యిల్దిరిమ్ 2002లో రవాణా మంత్రి అయ్యాడు. ఇస్తాంబుల్‌లో సముద్రం అడుగున వేసిన మర్మరాయ్ రైలు మార్గం ఆయన హయాంలోనే, 2013లో, మొదలైంది.

గీత గీయడం వచ్చినవాడి చేతికి అధికారం వస్తే గీత పొడుగు పెరుగుతుంది. 1972లో కె.ఎల్. రావు గంగను కావేరితో కలిపే పథకం ముందుపెట్టారు. 2,640 కిలోమీటర్ల దారి, వరద రోజుల్లో 150 రోజుల పాటు 60,000 క్యూసెక్కులు. అంత నీటిని దక్కన్ పీఠభూమి మీదికి ఎత్తిపోయడానికి కావాల్సిన కరెంటు, ఖర్చు చూసి కేంద్రం వెనక్కి తగ్గింది. తగ్గడమే సరైనదని నా అభిప్రాయం. అయినా ఒక నదిలో వరద, మరో నదిలో ఇసుక ఎందుకుండాలని పట్టుబట్టి అడిగిన మనిషి మీద నాకు గౌరవం తగ్గదు. తన ఆత్మకథకు ఆయన ‘ది క్యూసెక్స్ కాండిడేట్’ అని పేరు పెట్టుకున్నారు. ఓటు అడిగేటప్పుడు కూడా ఆయన బుర్రలో నీళ్లే పారుతుండేవని నమ్ముతాను.

1986లో ఆయన కన్నుమూశారు. ఆయన ఎప్పటినుంచో కోరుకున్న పులిచింతల ప్రాజెక్టు తర్వాత సాగర్‌కు దిగువన, మన సూర్యాపేట జిల్లా అంచున లేచింది. 45.77 టీఎంసీల ఆ జలాశయానికి ఆయన పేరే పెట్టారు. నీళ్లు కృష్ణా డెల్టాకు. మునిగిన వాటిలో మేళ్లచెర్వు, చింతలపాలెం వైపు ఊళ్లున్నాయి. డెల్టా నాట్లకు వేళకు నీళ్లందాలన్న ఆయన లెక్క తప్పు కాదు. కాని ఊరు వదిలి మిట్టకు చేరి, కొత్త ఇంటి ముందు వేపచెట్టు ఎదిగేదాకా ఆగే మనిషికి ఆ లెక్కలో గడి లేదు. ఎడమ కాల్వ నీళ్లు తాగి పెరిగినవాణ్ని కాబట్టి ఆయనకు చేతులెత్తి దండం పెడుతున్నాను. చింతలపాలెం అవతల, ఆ మునిగిన ఊళ్లలో పుట్టి ఉంటే ఈ కాలమ్ ఇలా రాసి ఉండేవాణ్ని కాదు.