ఇరవై, ఆపైన

ఈ వారం నన్ను సంతోషపెట్టింది ఒక లెక్కల నోటుబుక్కు. మా చాళ్లో పదో తరగతి అమ్మాయి పౌనఃపున్య పట్టిక నుంచి శాతాలు కట్టి, ప్రతి శాతం పక్కనా ‘మొత్తం పిల్లల్లో’ అని రాసుకుంది. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టుదల తెలుసు: శాతం కనబడితే చాలు, దేంట్లో శాతమని అడగందే వదలను.

పుస్తకంలోది మార్కుల పట్టిక. నేను మన నగరం పట్టిక ఇచ్చాను: 1931 జనాభా లెక్కల్లో బొంబాయి గదులు. ఒక్కో గదిలో ఆరు నుంచి తొమ్మిది మంది ఉన్న ఇళ్లలో బతికినవాళ్లు దాదాపు 2,56,000. తర్వాత పది నుంచి పందొమ్మిది. ఆఖరి తరగతి ‘ఇరవై, ఆపైన’: దాదాపు 15,500 మంది. నగర జనాభా 11,61,000. భాగించి నూరుతో హెచ్చవేస్తే మొదటిది 22 శాతం, చివరిది 1.3 శాతం.

ఆ 1.3 దగ్గర ఆగిపోయాను. హైదరాబాద్ రాజ్యం నుంచి కూలికొచ్చి ఈ నగరం కట్టిన కామాఠీల పేరు మోస్తున్న పేట మాది. మా నాయన మొదట దిగింది ఊరివాళ్లంతా ఉండే ఖోలీలో, అంటే ఒంటిగదిలో. ఎంతమంది ఉండేవారని అడిగితే, ‘ఏ నెల సంగతి?’ అనేవాడు. బతుకమ్మకు సగం మంది ఊరెళ్లేవారు, తిరిగొచ్చేటప్పుడు ఒక తమ్ముడినో మేనల్లుడినో వెంటేసుకొచ్చేవారు. కిరాయి రోజున మాత్రం తలలు లెక్కపెట్టి పంచుకునేవారు. అలాంటి ఖోలీలన్నీ ఒక్క వరసలో ఇరికించి, 1.3 శాతమని చెబితే ఏం తెలిసినట్టు?

అమ్మాయి అడిగింది: “తాతా, సగటు కట్టనా?”

కట్టమన్నాను. ఆఖరి తరగతి దగ్గర ఆగింది. సగటుకు ప్రతి తరగతికీ మధ్య విలువ కావాలి. ‘ఇరవై, ఆపైన’కు మధ్య ఎక్కడ? ఇరవై రెండా, ముప్పైయా? ఏదో ఒకటి ఊహించాల్సిందే. శాతానికి ఆ ఊహ అక్కర్లేదు. తరగతి హద్దు దగ్గర కోసినంతసేపూ శాతం ఉన్నదే చెబుతుంది. ‘ఎనిమిది, ఆపైన’ ఎంత శాతమని తరగతి మధ్యలో కోస్తేనే, ఆరు నుంచి తొమ్మిదిలోని జనం సమానంగా పరుచుకున్నారని నమ్మి 22లో సగం, 11 తీసుకోవాలి. ఆ నమ్మకానికి ఆధారం లేదు. ఇన్నాళ్లూ శాతాన్ని అనుమానించిన నేను, ఈ పట్టిక ముందు శాతం పక్షమే.

అయినా ‘దేంట్లో’ అన్న ప్రశ్న వదలను. ఆ 15,500 మందికి గదులు మహా అయితే 775. ఆరు నుంచి తొమ్మిది మంది ఉన్న గదులు తక్కువలో తక్కువ 28,000. మనుషుల్లో చూస్తే తేడా పదహారున్నర రెట్లు. గదుల్లో చూస్తే 36 రెట్లకు పైనే. గదులు లెక్కపెట్టే ఆఫీసుకు కిక్కిరిసిన ఖోలీ అసలు కనబడదు.

ఇప్పుడు మహారాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా మా కామాఠీపురను మళ్లీ కట్టే పనిలో ఉంది. ఇల్లు ఇచ్చేది ఖోలీ లెక్కన, తలల లెక్కన కాదు. అందుకే సర్వే పట్టిక అచ్చేసేటప్పుడు పక్కపక్కనే రెండు వరసలు కావాలి నాకు: గదుల్లో ఎంత శాతం, మనుషుల్లో ఎంత శాతం. ఆఖరి తరగతిని దాని ముందు తరగతిలో కలిపేయకుండా.